కొండంత కష్టం, రోజుకు సరిపడా ధైర్యం: యూదుల గ్రంథం చదువుకునే పద్ధతి

మా నాన్నకు గుండె ఆపరేషన్ అయిన వారమంతా నేను ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలోనే ఉన్నాను. మూడో రోజు సాయంత్రం ఇద్దరు వచ్చారు. తెలిసినాయన ఒకరు పక్కన కూర్చుని, "మోయలేని భారం దేవుడు ఎవరి మీదా పెట్టడమ్మా" అని ఓ పావుగంట చెప్పి వెళ్లారు. ఆ తర్వాత మా పిన్ని వచ్చింది. స్టీలు డబ్బాలో నాలుగు ఇడ్లీలు, ఫ్లాస్కులో టీ. "ముందు తిను" అంది, అంతే. నేను తిన్నంతసేపూ తన ఫోను తను చూసుకుంటూ కూర్చుంది. తిన్నాక, "కాసేపు పడుకో, డాక్టరొస్తే లేపుతా" అంది.

చాలా నెలల తర్వాత రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఇక చాలు, చచ్చిపోతాను అని ఎడారిలో పడుకున్న ఏలీయా ప్రవక్త దగ్గరికి దేవదూత వస్తాడు. వచ్చి అనే మొదటి మాట అచ్చం మా పిన్ని మాటే: "లే, తిను."

యూదుల గ్రంథంలో ధైర్యం ఇలాగే ఉంటుంది. గోడకు తగిలించుకునే వాక్యాల్లో కొంచెమే, కథల్లో బోలెడు. పైగా బతుకంతటికీ సరిపడా ఒకేసారి ఇవ్వదు, ఇవాళ్టికి ఇస్తుంది. అలా రోజుకింత తీసుకోవడం ఎలాగో నాకు అలవాటైన పద్ధతిలో చెబుతాను. మీరు ఏ మతం వాళ్లయినా, ఏ మతమూ లేకపోయినా పనికొస్తుంది.

ముందు పుస్తకం సంగతి

యూదులు తమ గ్రంథాన్ని తనఖ్ అంటారు. తోరా అంటే మోషే అయిదు పుస్తకాలు, నెవియీమ్ అంటే ప్రవక్తలు, కెతువీమ్ అంటే రచనలు, ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. వాళ్ల లెక్కలో 24 పుస్తకాలు. మన ఇళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో ఉండే తెలుగు బైబిల్లోని పాత నిబంధన 39 పుస్తకాలూ ఇవే. చిన్న ప్రవక్తలు పన్నెండుమందినీ వాళ్లు ఒకే పుస్తకంగా, సమూయేలు, రాజులు లాంటి జంటల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు కాబట్టి సంఖ్య తగ్గింది. కొత్త పుస్తకం కొనక్కర్లేదు, ఉన్నదే చాలు. హీబ్రూ మూలం, పాత వ్యాఖ్యానాలు ఇంగ్లీషులో చూడాలనిపిస్తే సెఫారియా వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి.

తికమక పెట్టేవి రెండున్నాయి. కీర్తనల మీద "ప్రధాన గాయకునికి, దావీదు కీర్తన" లాంటి శీర్షికలుంటాయి కదా, హీబ్రూలో చాలాచోట్ల వాటినీ ఒక వచనంగా లెక్కిస్తారు. అందుకే యూదుల పుస్తకంలో 13వ కీర్తన 2వ వచనం అంటే తెలుగులో 1వ వచనం. రెండోది, తెలుగు అనువాదంలో "యెహోవా" అని ఉన్నచోట యూదులు ఆ పేరు పలకరు. ప్రార్థనలో "అదోనాయ్" అంటారు, మామూలు మాటల్లో "హషేమ్" అంటారు, అంటే "ఆ పేరు" అని. భర్త పేరు నోటితో చెప్పని మన అమ్మమ్మలను చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

మొదటి మెట్టు: కళ్లు మూసుకుని పేజీ తీయకండి

చాలామంది కష్టంలో పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి, వేలు పెట్టి, వచ్చిన వాక్యం తమకే అనుకుంటారు. నేనూ చేశాను. ఒకసారి లేవీయకాండంలో చర్మవ్యాధుల అధ్యాయం వచ్చింది.

దానికంటే మీ కష్టానికి ముందు ఒక పేరు పెట్టండి. "అంతా అయిపోయింది" అంటే ఏ వైద్యుడూ మందు రాయలేడు. ఒంట్లో ఓపిక లేదా? పని మరీ పెద్దదా? ఎవరూ తోడు లేరా? ఎదురుచూపు తెగట్లేదా? ఇంట్లో జబ్బుమనిషిని చూసుకుని చూసుకుని విసిగిపోయారా? ఒక్కోదానికి ఒక్కో తలుపుంది.

ఓపిక అయిపోయినవాళ్లకు ఏలీయా కథ, ఇంతకుముందు చెప్పిన 1 రాజులు 19. పని కొండలా కనిపిస్తే నెహెమ్యా 2 నుంచి 6 అధ్యాయాలు. ప్రమాదమైన నిర్ణయం ఒక్కరే తీసుకోవాల్సి వస్తే ఎస్తేరు 4. ఆ పుస్తకం మొత్తం మీద దేవుడి పేరు ఒక్కసారీ రాదు, దేవుడు కనిపించని రోజుల్లో చదవడానికి అంతకంటే సరైనది లేదు. ఎదురుచూపులకు 27, 130 కీర్తనలు. జబ్బుమనిషి దగ్గర యూదులు తరతరాలుగా చదివేవి 20, 121, 130. ఇక సేవ చేసి అలిసిపోయినవాళ్లు సంఖ్యాకాండం 11 చదవాలి.

ఆ సంఖ్యాకాండం 11 ముందే చదివుంటే ఐసీయూ బయట ఆ పెద్దాయనకు జవాబు చెప్పేదాన్ని. అందులో బానిసత్వం నుంచి బయటపడ్డ జనాన్ని ఎడారి గుండా నడిపిస్తున్న మోషే, "ఈ జనాన్ని నేనొక్కడినే మోయలేను, నా వల్ల కాదు, ఇలా చేసేకన్నా నన్ను చంపెయ్" అని దేవుడి మొహం మీదే అంటాడు. దానికి దేవుడు "మోయగలవులే" అనడు. డెబ్బైమంది పెద్దల్ని పోగు చెయ్, నీ భారం వాళ్లూ మోస్తారు అంటాడు. మోయలేని భారం మనిషి మీద పడుతుందని ఈ గ్రంథం ఒప్పుకుంటుంది. పడినప్పుడు మనుషుల్ని పంపుతుంది.

రెండో మెట్టు: వచనం నచ్చితే అధ్యాయం మొత్తం చదవండి

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో జనవరి ఒకటిన వాగ్దానం కార్డు తీసుకునే అలవాటు అందరికీ తెలిసిందే. ఆ కార్డుల మీద తరచు కనిపించేది యిర్మియా 29:11. మీ గురించి నేను తలపెట్టినవి మేలు ఆలోచనలే, కీడువి కావు, మీకు భవిష్యత్తూ ఆశా ఇస్తాను అనే అర్థం వచ్చే మాట. బాగుంటుంది. కానీ అది ఎవరికి రాశారో చూస్తే ఇంకా బాగుంటుంది.

అది యిర్మియా ప్రవక్త రాసిన ఒక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు యెరూషలేము నుంచి రాజునీ, పనివాళ్లనీ, పెద్దల్నీ చెరపట్టుకుపోయాడు. ఊరుగాని ఊళ్లో వాళ్లు రేపోమాపో ఇంటికెళ్తామని మూటలు విప్పకుండా కూర్చున్నారు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, "రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు" అని గుడిలో అందరి ముందూ ప్రకటించాడు. జనం వినాలనుకున్నది అదే. యిర్మియా మాత్రం ఉత్తరంలో వేరే రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసి వాటి కాయలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ ఊరి మంచి కోరుకోండి, డెబ్బై ఏళ్లు పడుతుంది. ఇవన్నీ చెప్పాక అప్పుడు వస్తుంది, "మీ గురించి నా ఆలోచనలు మేలువే" అని.

తీపిగా, తొందరగా అయిపోతుందని చెప్పిన హనన్యాను ఈ గ్రంథం అబద్ధ ప్రవక్త అంది. తోట వేసుకో అన్నవాడిని నిలబెట్టింది. వీసా కోసం, తీర్పు కోసం, ఉద్యోగం నోటిఫికేషన్ కోసం ఏళ్లతరబడి మూట విప్పకుండా కూర్చున్నవాళ్లకు కార్డు మీది ఒక్క వాక్యం కన్నా ఈ ఉత్తరం మొత్తం ఎక్కువ పనిచేస్తుంది. నా లెక్క ఒకటే: ఏ వచనం నచ్చినా దానికి ముందు పది వచనాలు, వెనక పది వచనాలు చదవనిదే దాన్ని కాగితం మీద రాసుకోను.

మూడో మెట్టు: ముందు మొర పెట్టుకోండి

దేవుడిని నిలదీయడం మనకు కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముడిని ఎన్నెన్ని మాటలన్నాడో తెలుగువాడికి వేరే చెప్పాలా? మన సాహిత్యంలో నిందాస్తుతి అని దానికో గౌరవమైన పేరు కూడా ఉంది. కీర్తనల గ్రంథంలోనూ ఆ గొంతు గట్టిగా వినిపిస్తుంది. 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి చాలా ఎక్కువ.

మొదలుపెట్టడానికి 13వ కీర్తన మంచిది. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో కవి నాలుగుసార్లు "ఎన్నాళ్లు?" అని అడుగుతాడు. ఎన్నాళ్లు మరిచిపోతావు, ఎన్నాళ్లు మొహం చాటేస్తావు, ఎన్నాళ్లు నాలో నేను కుమిలిపోవాలి, ఎన్నాళ్లు శత్రువుది పైచేయి. తర్వాత రెండు వచనాల్లో సూటిగా, ఇటు చూడు, జవాబు చెప్పు, లేకపోతే చచ్చిపోతాను అంటాడు. ఆఖరి రెండింటిలో నిన్నే నమ్ముకున్నాను, పాడతాను అంటాడు. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య బయట ఏమీ మారలేదని గమనించండి. శత్రువు పోలేదు, జవాబూ రాలేదు. మనసులో ఉన్నదంతా కక్కేశాక మిగిలిన చోటులోకి నమ్మకం వచ్చి కూర్చుంది.

ఇలా చేయండి. ఒక కాగితం తీసుకుని "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు రాసి, ఒక్కోదాని పక్కన మీ సొంత వాక్యం పూర్తి చేయండి. మర్యాదగా రాయక్కర్లేదు. తర్వాత కింద, కచ్చితంగా ఏం కావాలో ఒక్క వాక్యం. మూడో భాగం ఇవాళ రాకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన కవి వదిలేశాడు. ఆ కీర్తనలో హీబ్రూ ఆఖరి మాటకు అర్థం చీకటి. ఓదార్పు లేకుండా ముగిసే ఆ కీర్తనను గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి మాట కూడా అతికించలేదు. నాకు 23వ కీర్తన కన్నా కొన్ని రాత్రుల్లో అదే తోడు.

నాలుగో మెట్టు: ఏలీయాతో పాటు పడుకుని లేవండి

ఈ కథను నెమ్మదిగా చదవాలి. ముందు అధ్యాయంలో ఏలీయా కర్మెలు కొండ మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మందిని ఒంటిచేత్తో ఎదిరించి గెలిచాడు. ఆ తర్వాత యెజెబెలు రాణి నుంచి ఒక కబురు, రేపీపాటికి నిన్ను చంపిస్తాను అని. అంతే, పరుగు. పెద్ద గెలుపు తర్వాత ఒక చిన్న ఫోను కాల్‌కు కుప్పకూలిపోవడం ఎవరికి తెలియదు?

దక్షిణాన బెయేర్షెబా దాకా వెళ్లి, వెంట ఉన్న పనివాడిని అక్కడే వదిలేస్తాడు. ఈ వాక్యం చాలామంది దాటేస్తారు. తోడున్న ఒక్క మనిషినీ దూరం పెట్టి, ఇంకో రోజు ప్రయాణం ఎడారిలోకి వెళ్లి, రోతెమ్ అనే పలచని నీడ పొద కింద కూలబడి, "ఇక చాలు, నా ప్రాణం తీసుకో, మా తాతలకన్నా నేనేం గొప్పవాడిని కాదు" అంటాడు. అని నిద్రపోతాడు.

దేవదూత తట్టి లేపుతాడు. తల దగ్గర వేడి రాళ్ల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు. తింటాడు, తాగుతాడు, మళ్లీ పడుకుంటాడు. దేవదూత తిట్టడు. రెండోసారి లేపి, అప్పుడు మాత్రం ఒక్క ముక్క ఎక్కువ చెబుతాడు: "లే, తిను, దారి నీ శక్తికి మించింది." నీకు శక్తి ఉంది అనలేదు. దారి పెద్దదని ఒప్పుకున్నాడు, అందుకే తినమన్నాడు. ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచి హోరేబు కొండకు చేరతాడు.

అక్కడ గుహలో, "ఏలీయా, నీకిక్కడేం పని?" అని ప్రశ్న. ఏలీయా గోడు వెళ్లబోసుకుంటాడు, నేనొక్కడినే మిగిలాను అంటాడు. పెద్ద గాలి, భూకంపం, మంట వస్తాయి, వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత "కోల్ దెమామా దక్కా", సన్నని నిశ్శబ్దపు స్వరం. మళ్లీ అదే ప్రశ్న. ఏలీయా మళ్లీ అక్షరం పొల్లుపోకుండా అదే జవాబిస్తాడు! అంత అనుభవం తర్వాత కూడా మనిషి మారలేదు. దేవుడు వాదించలేదు. చేయాల్సిన పనులు మూడు చెప్పాడు: ఫలానా ఇద్దరిని రాజులుగా అభిషేకించు, ఎలీషాను నీ తర్వాతివాడిగా పెట్టుకో. చివర్లో, ఏదో మరిచిపోయినట్టు, బయలుకు మొక్కని వాళ్లు ఇంకా ఏడువేల మంది ఉన్నారులే అన్నాడు.

తిండి, నిద్ర, మళ్లీ తిండి, నడక, గోడు వినే చెవి, చేతిలో ఒక పని, పక్కన ఒక మనిషి. కుంగిపోయిన రోజున ఈ వరస పాటించండి, వరస మార్చకండి. ఖాళీ కడుపుతో, మూడు రాత్రుల నిద్రలేమితో "నా జీవితానికి అర్థమేమిటి" అని ఆలోచించొద్దు. అది నాలుగో అంకం ప్రశ్న, మీరింకా మొదటి అంకంలో ఉన్నారు.

మన దేశంలో కొంకణ తీరం నుంచి వచ్చిన బెనె ఇజ్రాయేల్ యూదులకు ఈ ఏలీయా అంటే ప్రత్యేకమైన ప్రేమ. మొక్కు తీరినప్పుడు, పెళ్లికి ముందు ఆయన పేరుతో మలీదా అని చేస్తారు. తీపి కలిపిన అటుకులు, కొబ్బరి కోరు, పళ్లు పళ్లెంలో పెట్టి పంచుతారు. ఆయన కథలోనూ తిండే కదా ముందు వచ్చింది.

అయిదో మెట్టు: రోజుకో ఓమెరు

నిర్గమకాండం 16లో ఎడారిలో జనానికి మన్నా అనే తిండి రోజూ పొద్దున నేల మీద దొరుకుతుంది. మనిషికి ఒక ఓమెరు, అది ఆనాటి కొలత. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. రేపటికని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు, ఏడో రోజు విశ్రాంతి కాబట్టి. జాడీ అంటే మనకు ఆవకాయ, వేసవిలో పెడితే ఏడాదంతా రావాలి. ధైర్యాన్నీ అలాగే జాడీకెత్తి పెట్టుకోవాలనుకుంటాం, అందుకే నిన్న రాత్రి ప్రసంగం విని పొంగిపోయినవాళ్లం ఇవాళ పొద్దున్నే చప్పబడితే కంగారు పడతాం. అది సహజం. ఇవాళ్టిది ఇవాళే ఏరుకోవాలి.

పెద్ద పని ముందున్నవాళ్లు దీన్ని నెహెమ్యాతో కలిపి చదవండి. పారసీక రాజుకు ద్రాక్షారసం గిన్నె అందించే ఉద్యోగి ఆయన. యెరూషలేము గోడ కూలిపోయి, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయని విని కూర్చుని ఏడ్చాడు. వెళ్లాక మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాత్రిపూట కొద్దిమందితో బయల్దేరి గోడ చుట్టూ తిరిగి ఎక్కడెంత పాడైందో చూశాడు. ఒకచోట శిథిలాలు అడ్డంపడి, ఎక్కిన జంతువు కదలడానికే దారి లేదు. ముందు అంత నిజాయితీగా చూడటం ఉంది, తర్వాతే పని.

మూడో అధ్యాయం మొత్తం పేర్ల చిట్టా. విసుగొచ్చి అందరూ దాటేస్తారు. నేనైతే ఈ పుస్తకంలో గుండెకాయ అదే అంటాను. ఫలానావాడు తన ఇంటి ఎదుట బాగుచేశాడు, ఫలానావాడు తన ఇంటి ఎదుట బాగుచేశాడు అని వస్తూ ఉంటుంది. షల్లూము అనే ఆయన కూతుళ్లతో కలిసి కట్టాడు. మెషుల్లాము అనే ఆయన తన గది ఎదుట ఉన్న ముక్క కట్టాడు. ఊరి గోడ ఎవరూ కట్టలేదు, ఎవరి గుమ్మం ముందున్నది వాళ్లు కట్టారు. 52 రోజుల్లో అయిపోయింది.

మీ అప్పు, మీ కేసు, మీ థీసిస్, మీ పిల్లవాడి చదువు, ఏదైనా సరే, ఒక రాత్రి కూర్చుని మొత్తం చుట్టి రండి, ఎంత పాడైందో రాసుకోండి. పొద్దున లేచాక "నా గది ఎదుట" ఉన్నది మాత్రం ఒక్కటి ఎంచుకోండి. బ్యాంకుకు ఒక ఫోను, ఒక పేజీ, ఒక సంతకం. ఇంకో చిన్న అలవాటు: ఆ మన్నాలో ఒక ఓమెరు గిన్నెలో పెట్టి తరతరాలకు గుర్తుగా దాచమన్నారు. తినడానికి కాదు, చూసుకోవడానికి. రాత్రి పడుకునేముందు ఇవాళ దొరికినది ఒక్క వరుస నోటుబుక్కులో రాసిపెట్టండి.

ఆరో మెట్టు: రెండో మనిషిని పిలవండి

యూదులు ఈ గ్రంథాన్ని ఒంటరిగా చదవడం తక్కువ. ఇద్దరు కూర్చుని, పైకి చదివి, వాదించుకుంటూ చదివే పద్ధతిని హవ్రూతా అంటారు. స్నేహం అనే మాట నుంచే ఆ పేరు పుట్టింది. ఊ కొట్టే మనిషి దానికి పనికిరాడు, అడ్డుప్రశ్నలు వేసేవాడు కావాలి.

121వ కీర్తనతో మొదలుపెట్టండి. "కొండలవైపు కళ్లెత్తి చూస్తున్నాను, నాకు సాయం ఎక్కడినుంచి వస్తుంది?" అని మొదలవుతుంది. మొదటి రెండు వచనాల్లో "నేను, నాకు". మూడో వచనం నుంచి చివరిదాకా "నీ పాదం, నిన్ను కాపాడేవాడు" అని మారిపోతుంది. ఎవరో జవాబిస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి కష్టంలో ఉన్నవాళ్లు మొదటి రెండూ చదవండి, మిగతా ఆరూ ఎదుటివాళ్లు మీకు చదివి వినిపించనివ్వండి. ఫోనులో అయినా సరే. కాపాడటం అనే ధాతువు ఎనిమిది వచనాల్లో ఆరుసార్లు వస్తుంది. ఆ మాట మన నోటితో మనకు మనం చెప్పుకోవడం వేరు, ఇంకొకరు చెబితే వినడం వేరు.

యూదు గురువుల చర్చలను పోగుచేసిన పాత గ్రంథం తల్మూదులో, బెరఖోత్ భాగం 5వ పుటలో ఒక ముచ్చట ఉంది. రబ్బీ యోహానాన్ జబ్బుపడ్డవాళ్ల దగ్గరికెళ్లి, చెయ్యి పట్టి లేపేవాడు. ఆయనే జబ్బుపడితే రబ్బీ హనీనా వచ్చాడు. "ఈ బాధలంటే నీకు ఇష్టమా?" అని అడిగాడు. "అవీ వద్దు, వాటికొచ్చే పుణ్యమూ వద్దు" అన్నాడు యోహానాన్. "చెయ్యి ఇటివ్వు" అని హనీనా లేపాడు. ఇంతమందిని లేపినవాడు తనను తాను లేపుకోలేడా అని తల్మూదు అడిగి, తనే జవాబు చెప్పింది: బందీ తన చెర తానే విడిపించుకోలేడు.

ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పే మనిషి మీరే అయితే దీన్ని రెండుసార్లు చదవండి. తర్వాత 1 సమూయేలు 30 చదవండి. దావీదు మనుషులు 600 మంది తిరిగొచ్చేసరికి ఊరు కాలిపోయి, భార్యాబిడ్డల్ని శత్రువులు ఎత్తుకుపోయారు. ఏడవడానికి ఇక ఓపిక లేనంతగా ఏడ్చారని ఉంటుంది. వెంటపడ్డారు. బెసోరు వాగు దగ్గర 200 మంది దాటలేక చతికిలబడ్డారు. మిగతావాళ్లు గెలిచొచ్చాక కొందరు, ఆగిపోయినవాళ్లకు వాటా ఎందుకన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడి వాటా, సామాను దగ్గర కూర్చున్నవాడి వాటా సమానం అన్నాడు, అదే చట్టమైంది. మీరు ఈ నెల వాగు ఇవతలే ఆగిపోతే మీ వాటా పోదు.

ఏడో మెట్టు: గొణగండి

మొదటి కీర్తనలో, తోరాను రాత్రింబగళ్లు "ధ్యానించేవాడు" ధన్యుడు అని తెలుగులో ఉంటుంది. కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం అనుకుంటాం. హీబ్రూలో ఉన్న క్రియ హగా. సింహం ఎర మీద గుర్రుమనడానికీ, పావురం మూలగడానికీ యెషయా గ్రంథంలో వాడింది అదే. అంటే నోట్లో వల్లెవేయడం, గొణుక్కోవడం. కాబట్టి పైకి చదవండి. బస్సులో పెదాలు కదిలిస్తే చాలు. పిల్లల కోసం గుడిలో హన్నా అనే ఆమె అలాగే ప్రార్థిస్తే ఏలీ యాజకుడు తాగి వచ్చిందనుకున్నాడు, పర్వాలేదు.

రోజువారీ పద్ధతి కావాలంటే యూదుల దగ్గర తయారుగా ఉంది. పొద్దున మంచం దిగకముందే "మోదె అని" అనే చిన్న ప్రార్థన, హీబ్రూలో 12 మాటలు. ప్రాణం తిరిగిచ్చినందుకు కృతజ్ఞత చెప్పి, "నీ నమ్మకత్వం గొప్పది" అని ముగుస్తుంది. ఆ చివరి మాట విలాపవాక్యాలు 3:23 నుంచి వచ్చింది. గ్రంథంలోకెల్లా దుఃఖమైన పుస్తకంలోంచి రోజులో మొదటి మాట తీసుకున్నారు. తర్వాత వారానికి ఏడు కీర్తనలు, ఒకప్పుడు యెరూషలేము ఆలయంలో సేవ చేసే లేవీయులు పాడినవి: ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, శనివారం 92. ఇవి చాలు. నెలకు 150 కీర్తనలూ పూర్తిచేసే పంపకం కూడా ఉంది, మొదటి నెలలోనే దాని జోలికి పోకండి.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే విశ్రాంతి దినం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను తాము పిలుచుకునే చిన్న తెలుగు సమాజం కూడా దీన్ని పాటిస్తుంది. మీరు యూదులు కాకపోయినా వారంలో ఒక పూట మీ కష్టం గురించి ఫోను చేయకుండా, లెక్కలు వేయకుండా ఉండి చూడండి. ఇది అన్నింటికన్నా కష్టమైన మెట్టు. నాకిప్పటికీ సరిగా కుదరదు.

ఎనిమిదో మెట్టు: ఎదుటివాళ్లకు చెప్పేముందు

నిర్గమకాండం 6లో మోషే ఈజిప్టులో బానిసలైన తన జనం దగ్గరికెళ్లి గొప్ప వాగ్దానాలు వరసగా వినిపిస్తాడు: బయటికి తెస్తాను, విడిపిస్తాను, దేశమిస్తాను. వాళ్లు వినలేదు. కారణం, "కోత్సెర్ రూఅహ్". ఊపిరి కురచైపోయింది, చాకిరీ అంత కఠినం. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రషి దీన్ని ఉన్నదున్నట్టే తీసుకున్నాడు: ఇరుకులో పడ్డవాడికి ఊపిరి పొట్టిగా వస్తుంది, నిండుగా పీల్చలేడు. దేవుడి మాటే చెవికెక్కని స్థితి ఒకటుంటుందని దేవుడి గ్రంథమే చెబుతోంది. ఊపిరాడనివాడికి వచనం వాట్సాప్ చేయకండి. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఆ కథలో వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. అందుకే యూదుల ఇంట్లో చావు జరిగితే పరామర్శకు వెళ్లినవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు ముందు మాట్లాడేదాకా మాట్లాడకూడదని నియమం.

వైద్యం సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రాణం కాపాడటం కోసం షబ్బాత్‌ను కూడా పక్కనపెట్టాలనేది యూదు ధర్మశాస్త్రం. కీర్తన చదువుతూ మందు మానేయడం వాళ్ల పద్ధతి కాదు. ఏలీయా అన్న "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అనే మాట మీకు రోజూ వస్తుంటే పుస్తకం మూసి మనిషికి చెప్పండి, వైద్యుడి దగ్గరికెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరి మెట్టు: ఎక్కడ ఆపాలి

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో అందరూ చెబుతారు, ఎక్కడ ఆపాలో చెప్పరు. విలాపవాక్యాలు ఆఖరి వచనం చాలా చేదుగా ఉంటుంది, మమ్మల్ని పూర్తిగా తోసేశావా అన్నట్టు. ఆలయం కూలిన రోజుకు గుర్తుగా ఉపవాసముండే తిషా బె ఆవ్ రాత్రి యూదులు నేల మీద, దీపాలు తగ్గించి, ఈ పుస్తకం మొత్తం చదువుతారు. ఆఖరి వచనం చదివాక ఒక్క అడుగు వెనక్కి వేసి, దాని ముందు వచనాన్ని అందరూ కలిసి ఇంకోసారి చదువుతారు: మమ్మల్ని నీ వైపు తిప్పుకో, మా రోజుల్ని మునుపటిలా కొత్తవి చెయ్. చేదు వచనాన్ని కొట్టేయలేదు. అది అక్కడే ఉంటుంది, చదివారు కూడా. పుస్తకం మాత్రం దాని మీద మూయరు. యెషయా, మలాకీ, ప్రసంగి చివర్లోనూ ఇలాగే చేస్తారు.

రాత్రి మీరు చదివింది చీకటిగా ముగిస్తే, ఒక్క వచనం వెనక్కి వెళ్లి దాన్ని పైకి చదివి లైటు తీసేయండి. వెనక్కి వెళ్లినా ఏమీ దొరకకపోతే, 88వ కీర్తనలో దొరకదు, అప్పుడు పేజీ తిప్పకుండా పుస్తకం అక్కడే తెరిచి పెట్టి పడుకోండి.